అమ్మాయి లాటిను చదువునట!

ఈ మాసము మాకు చేరిన యుత్తరములలో నొకటి సముద్రములు దాటి వచ్చినది. అమెరికా దేశమున న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్న యొక తెలుగు సోదరి దానిని వ్రాసినారు. పేరు ప్రకటింపవలదని కోరినారు గావున ప్రకటింపము. ఉత్తరములోని సంగతి మాత్రము మన పాఠకురాండ్రలో ననేకులకు, ముఖ్యముగా బిడ్డలను విదేశములకు పంపి మనుమల మాటలకై ఫోను చెంత కనిపెట్టుకొనియుండు అమ్మమ్మలకును నాయనమ్మలకును, పట్టునట్టిది. అందుచేత ఈ నెల మా పుటలను దానికే కేటాయించితిమి.

ఆ సోదరి కూతునకు పదునాలుగేండ్లు. తొమ్మిదవ తరగతిలో ప్రవేశించుచున్నది. ఆ దేశపు హైస్కూళ్లలో ఇంగ్లీషు గాక వేరొక భాషను గూడ చదువుట వాడుక. అందరివలె మా పిల్లయు స్పానిషు తీసికొనునని తల్లిదండ్రులు తలచియుండిరట. పిల్ల లాటిను కావలెనన్నది. అంతటితో నూరకుండక, బడిలో లాటిను క్లబ్బు కలదనియు, అందులో చేరుదుననియు పట్టుబట్టినది. "అది కూడు పెట్టునా?" యని తండ్రి. వేసవికి కూతు నింటికి పోయిన అమ్మమ్మ మాట యింతకంటె కటువైనది: "నాతో నాలుగు మాటలు తెలుగున చెప్పలేని పిల్లకు చచ్చిన భాషతో పనియేమి?" ఈ మాట విన్నంతనే తనకు నోట మాట రాలేదనియు, పిల్ల లేచి గదిలోనికి పోయి తలుపు వేసికొన్నదనియు సోదరి వ్రాసినారు.

అమ్మమ్మగారి ప్రశ్న పెద్దది. దానిని కడపట చూతము. ముందు తండ్రిగారిది.

లాటిను నేరుగా కూడు పెట్టదు. ఆ భాష వచ్చినందులకు జీతమిచ్చువారు లోకమున మిక్కిలి తక్కువ. ఇరుగుపొరుగువారితోను, అంగడిలోను, ఆసుపత్రిలోను మాటలాడుటకు పనికివచ్చుటయే ముఖ్యమైనచో ఆ దేశమున స్పానిషే మేలు. ఈ సంగతి దాచి లాటినును పొగడుట న్యాయము కాదు. లాటిను చదివిన పిల్లలకు కాలేజి ప్రవేశ పరీక్షలలో మార్కులు హెచ్చుగా వచ్చునని ఆ దేశమున తరచుగా చెప్పుదురు. వచ్చుట నిజమే కావచ్చును. కాని చదువునం దదివరకే మక్కువ గల పిల్లలే లాటినును కోరుకొందురు గదా! ఆ మార్కులు భాష తెచ్చిపెట్టినవో, పిల్లలతోనే బడికి వచ్చినవో తేల్చుట కష్టము. గోదావరి యొడ్డున పెరిగిన వానికి ఈత వచ్చుట చూచి, అది వాడు చేరిన బడి మహిమ యనరాదు.

మార్కుల ప్రస్తావన వచ్చినది గావున మా సంగతి యొకటి చెప్పుకొందుము. ఇంటర్మీడియెటు చదువునాడు మేము రెండవ భాషగా సంస్కృతమును గైకొంటిమి. భాషపై ప్రీతిచేత గాదు. తెలుగున కంటె నందులో మార్కులు సులభముగా వచ్చునని కాలేజివారును, ఇంటి పెద్దలును చెప్పుటచేత. సమాధానములు ముందుగనే వ్రాయించి వల్లెవేయించిరి. నూటికి తొంబదికి మించి వచ్చినవి. నేడొక శ్లోకము కంటబడినచో అన్వయము చెప్పలేము. రెండేండ్లు ఒక గొప్ప గుడి వాకిట నిలుచుండి, లోపలికి తొంగియైన చూడక, ప్రసాదము మాత్రము పుచ్చుకొని వచ్చినట్లైనది. కావున ఆ సోదరికి మేము చెప్పునదేమన, అమ్మాయి మార్కులకై లాటిను కోరినచో మానిపింపుడు. ఊరక యిష్టపడి కోరినచో అడ్డుపడకుడు.

ఇష్టపడి చదువువారికి అందులో దొరకునది తక్కువది కాదు. ఇంగ్లీషు మాటలలో సగమునకు పైగా లాటిను నుండి గాని, దాని కూతురైన ఫ్రెంచి నుండి గాని వచ్చినవి. స్పానిషు, ఇటాలియను, పోర్చుగీసు, రుమేనియను భాషలును లాటిను బిడ్డలే. తల్లిని ఎరిగిన వారికి బిడ్డల పోలికలు త్వరగా తెలియును. మన యిండ్లలోనే చూడుడు. వైద్యుడు మందు చీటిపై "బీ.డీ." యని వ్రాసిన దినమునకు రెండుసార్లనియు, "టీ.డీ.ఎస్." అని వ్రాసిన మూడుసార్లనియు మనకు తెలియును. అవి "బిస్ ఇన్ దియె", "తెర్ దియె సుమెందుం" అను లాటిను మాటల పొడియక్షరములు. గడియారపు ఏ.ఎం., పీ.ఎం.లును అట్టివే, మధ్యాహ్నమునకు ముందు, మధ్యాహ్నమునకు తరువాత అని వాని యర్థము. శాస్త్రజ్ఞులు వరికి "ఒరైజా సతివా" యనియు, కొత్తిమీరకు "కొరియాండ్రుం సతివుం" అనియు పేర్లు పెట్టిరి. సతివా యనగా విత్తి పెంచునది. అల్లము పేరు "జింజిబెర్ ఒఫిసినాలె". ఇందులో రెండవ మాటకు మందుల కొట్టునకు చెందినదని భావము. శొంఠి లేని యింట కషాయ మెట్లుండునో యెరిగిన మన కీ పేరు వింత గాదు. మొదటి మాట సంగతి యింకను ముచ్చటైనది. అది మన దేశపు శృంగవేర పదమే. ఓడలపై అల్లముతో పాటు పశ్చిమమునకు పోయి, గ్రీకుల నోట పడి, రోమనుల నోట పడి, శాస్త్రజ్ఞుల పుస్తకమునకెక్కి మరల మన యింటికి వచ్చినది. లాటినున మిరియమునకు పేరైన "పిపెర్" కూడ మన పిప్పలియే.

సామర్లకోటలో చాల యేండ్లుండి మన తీరపు మొక్కలను పరిశీలించిన రాక్స్‌బర్గు దొర, వానికి లాటిను పేర్లతోపాటు తెలుగు పేర్లను గూడ వ్రాసియుంచెను. క్రొత్త మొక్కను వర్ణించుటకు లాటినే వాడవలెనన్న నియమము 2012 నుండి సడలి ఇంగ్లీషు గూడ చెల్లుచున్నది గాని, పేరు మాత్రము నేటికిని లాటిను రూపముననే యుండవలెను.

మాటల సంగతి యిట్లుండగా, భాష కట్టుబడి మన తెలుగు పిల్లల కెంత చేరువయో ఆ తల్లిదండ్రులు ఊహించియుండరు. "రాముడు కోతిని చూచెను" అనుము. "కోతిని రాముడు చూచెను" అనుము. ఎట్లన్నను చూచినవాడు రాముడే. "ని" యను ప్రత్యయము కోతిని కనిపెట్టుకొనియున్నది. ఇంగ్లీషున మాటలు తారుమారు చేసినచో కోతియే రాముని చూచును! లాటిను ఈ విషయమున మన ప్రక్కనే నిలుచును. "పుఎల్లా" యనగా బాలిక. చూడబడినది బాలికయైనచో ఆ మాట "పుఎల్లాం" అగును. ఇక ఆ మాటను వాక్యమున నెక్కడ కూర్చుండబెట్టినను భయము లేదు. మనకు సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు. వారికి సాధారణముగా ఆరు. రాముని పిలుచునపుడు "రామా" యని మనమందుము. మార్కుస్ అనువానిని పిలుచునపుడు వారు "మార్కే" యందురు. "వచ్చితిని" అన్నచో మరల "నేను" అని చెప్పనక్కర లేదు గదా. "వేనీ" యను నొక్క మాటలో వారికిని అంతయు ఇమిడియున్నది. ఇంగ్లీషు మాత్రమే యెరిగిన పిల్లలకు మొదటి యేడు లాటినులో కొరుకుడు పడనిది సరిగా ఇదియే. ఇంట "అమ్మకు, అమ్మతో, అమ్మవలన" అను మాటలు చెవిని పడిన బిడ్డకు, తాను పలుకలేకున్నను, ఆ నడక తెలిసియేయుండును.

అయితే ఒక జాగ్రత్త. లాటినుతో చుట్టరికము సంస్కృతమునకు గాని తెలుగునకు గాదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్సు సంస్కృత, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలము నుండి వచ్చియుండునని చెప్పెను. తెలుగు, తమిళము, కన్నడము వేరొక కుటుంబమని 1816లో ఎల్లిసు దొర నిరూపించెను. విభక్తుల పోలిక అలవాటులోని పోలిక, రక్తసంబంధము గాదు. మాటలలోని చుట్టరికము మనము సంస్కృతము నుండి తెచ్చుకొన్న మాటల మూలమున వచ్చినది. మాతృ శబ్దము వారికి "మాతెర్", పితృ శబ్దము "పతెర్", అగ్ని "ఇగ్నిస్", నామము "నోమెన్". సప్త, అష్ట, నవ, దశలకు "సెప్తెం, ఒక్తో, నోవెం, దెకెం". పండ్రెండు నెలలలో కడపటి నాలుగు నెలల పేర్లును ఇవియే. సెప్టెంబరు తొమ్మిదవ నెల గదా, ఏడవదని పేరేల యందురా? పూర్వపు రోమనుల సంవత్సరము మార్చితో మొదలగుచుండెను. మనకు చైత్రమువలెనే యనుకొనుడు.

ఇక క్లబ్బు. సోదరికి ఎక్కువ దిగులు దీనిని గూర్చియే. పిల్లలు దుప్పట్లు చుట్టుకొని రోమనులవలె విందులు చేసికొందురట, వసంతమున రాత్రులు బయట గడిపి పోటీలకు పోవుదురట, ఇది చదువా ఆటయా యని వ్రాసినారు. రెండునుగూడ. అమెరికాలో బడులలోని లాటిను క్లబ్బులు అనేకములు "జూనియర్ క్లాసికల్ లీగు" అను సంస్థలో శాఖలుగా నున్నవి. ఇది 1936లో ఏర్పడినది. మొదటి జాతీయ సమావేశము 1954లో టెక్సస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియోలో జరిగినది. నేడును ఏటేట వేసవిలో ఏదో యొక కాలేజి యావరణలో జాతీయ సమావేశమును, రాష్ట్రములలో వేరుగా సమావేశములును జరుగుచున్నవి. వ్యాకరణము, పదవ్యుత్పత్తి, పురాణకథలు, రోమను చరిత్ర మున్నగువానిలో పరీక్షలుండును. చిత్రలేఖనము, వేషధారణ, వక్తృత్వము గలవు. పరుగు పందెములును, బండ్ల పందెములును గలవు. అన్నిటికంటె పిల్లలు ప్రాణముగా నెంచునది "కెర్తామెన్" అను ప్రశ్నోత్తరముల పోటీ. జట్టునకు నలుగురు. ప్రశ్న ముగియకముందే గంట మీట నొక్కి జవాబు చెప్పువారికి మెప్పు. డిసెంబరులో శాటర్నుని పండుగ చేసికొందురు.

బంతియాటలందు చురుకుదనము లేని పిల్లకు, నలుగురిలో నోరు విప్పుటకు జంకు పిల్లకు, అమెరికా హైస్కూలు ఒంటరి చోటని ఆ దేశమున పిల్లలను పెంచిన తల్లులు మాతో చెప్పియున్నారు. అట్టి పిల్ల, ఒక క్రియ యొక్క భూతకాల రూపము చటుక్కున చెప్పినందులకు పదిమంది చప్పట్లు కొట్టు గది యొకటి బడిలో నున్నచో, ఆ గది తలుపు మనము మూయుట తగునా? పిల్ల యీ క్లబ్బును భాషతో సమానముగా కోరుటకు కారణమిదియేమో తల్లి నెమ్మదిగా కనుగొనవలెను. రాత్రి ప్రయాణముల సంగతి యడుగవలసినదే. ఏ ఉపాధ్యాయులు వెంట పోవుదురు, ఆడపిల్లల బస యెక్కడ, ఖర్చెంత యని ఆ లాటిను ఉపాధ్యాయుని స్వయముగా కలిసి యడుగుడు. తల్లిదండ్రులు కొందరు తోడుగా పోవుట గూడ వాడుక. మీరే ఒకసారి పోయి రండు. పిల్ల కొంచెము సిగ్గుపడును, చెడిపోదు.

క్లబ్బునకు వేరొక పని గూడ గలదు. అమెరికా హైస్కూళ్లలో లాటిను చదువువారు 1962లో దాదాపు 7,00,000 మంది యుండగా, 1976 నాటికి దాదాపు 1,50,000కు పడిపోయిరి. తరగతిలో పిల్లలు చాలకున్నచో బడివారు ఆ భాషను తీసివేయుదురు. అందుచేత పిల్లలే పండుగలు చేసి, అంగీలపై పేర్లచ్చువేసికొని, క్రొత్తవారిని పిలిచి తమ తరగతిని కాపాడుకొందురు. తమ చదువును తాము కాపాడుకొనుట పదునాలుగేండ్ల పిల్లకు మంచి యభ్యాసమే.

విందులు, వేషములు సరదాయే గాని, రోమను విందున వడ్డించినవారు బానిసలని పిల్ల మరువరాదు. 1970లో మొదలైన కేంబ్రిడ్జి లాటిను పాఠపుస్తకము మొదటి పాఠముననే పాంపేయి పట్టణములోని ఒక యింటిని చూపును. యజమాని, ఇల్లాలు, కొడుకు. వారితో వంటవాడు, పనివాడు. ఆ కడపటి యిద్దరును కొనబడినవారు. వారి నవ్వుల వెనుక నేమున్నదో పుస్తకము చాలినంత చెప్పలేదని విమర్శ గలదు. ఆ విమర్శ సరియైనదని మా యభిప్రాయము. ఈ ప్రశ్న క్లబ్బులో లేవనెత్తగల పిల్లయే బాగుగ చదివిన పిల్ల.

స్త్రీల సంగతియు నట్టిదే. రోమను కుటుంబములలో ఆడపిల్లకు వేరుగా పేరు పెట్టుట గూడ అరుదు. తండ్రి వంశనామము తూల్లియుస్ అయినచో కూతురు తూల్లియా. ఇద్దరున్నచో పెద్దది, చిన్నది. మన యిండ్లలో పెద్దమ్మాయి, చిన్నమ్మాయి యని పిలిచినను లోపల నొక పేరుండును; వారికి అదియే పేరు. అట్టి లోకము నుండి ఒక స్త్రీ చేతివ్రాత మనకు దక్కినది. క్రీ.శ. 100 ప్రాంతమున, రోమను సైన్యములు బ్రిటను ఉత్తరపు టెల్లను కాచుచుండగా, క్లాడియా సెవెరా యను నొక సేనాధికారి భార్య, విండొలాండా కోటలోని సుల్పిసియా లెపిదీనా యను స్నేహితురాలికి సన్నని కొయ్యరేకుపై సిరాతో ఉత్తరము వ్రాయించినది. సెప్టెంబరు 11వ తేదీ తన పుట్టినరోజనియు, తప్పక రావలెననియు అందలి సంగతి. ఉత్తరము లేఖకుడు వ్రాసెను గాని, చివర నాలుగు మాటలు, నీ రాకకై యెదురుచూచుచుందునని, అక్కచెల్లెలి వలె సంబోధించి, ఆమెయే తన చేతితో వ్రాసినది. వంకర యక్షరములు. తడినేలలో గాలి సోకక పందొమ్మిది శతాబ్దములు నిలిచి, నేడు లండనులో బ్రిటిష్ మ్యూజియమున నున్నది. లాటినున స్త్రీ స్వహస్తముతో వ్రాసిన వ్రాతలలో మనకు దొరికిన మిక్కిలి పాతవానిలో ఇది యొకటి. పుట్టినింటికి దూరముగ, చలిదేశమున, తన భాష మాటలాడు ఆడుతోడు కొరకు తపించిన ఆ యిల్లాలిని న్యూజెర్సీలోని మా సోదరి యెరుగకపోవచ్చును గాని, ఆమె మనస్సును మాత్రము తప్పక యెరుగును.

ఇప్పుడు అమ్మమ్మగారి మాట. చచ్చిన భాష యన్నారు. ఆ మాటలో కోపము లాటినుపై గాదు, దుఃఖము తెలుగును గూర్చినది. పెద్దావిడ చెప్పినది నిజము. కాని ఆ నేరము పిల్లది గాదు, లాటినుది అసలే గాదు. సోదరీ, మీ యుత్తరమున మీరే వ్రాసినారు: బడిలో వెనుకబడునేమోయని మూడేండ్ల ప్రాయము నుండి ఇంట ఇంగ్లీషే మాటలాడితిమని. మీరొక్కరే గాదు, హైదరాబాదులోను, విజయవాడలోను ఆ పని చేయు తల్లులు ఎందరో గలరు. పిల్లకు తెలుగు రాకుండ చేసినవారమే, మరియొక భాష నేర్తునన్నప్పుడు తెలుగు రాదని యెత్తిపొడుచుట ధర్మమా? లాటిను మానిపించినచో తెలుగు రాదు, రెండును లేకపోవును. "తెలుగు నేర్చినగాని లాటిను లేదు" అని బేరము పెట్టినను తెలుగు శిక్షగా మారును. అట్లు గాక, పిల్ల విభక్తుల పట్టిక వల్లెవేయునపుడు ప్రక్కన కూర్చుండి, ఇది మనకెట్లుండునో చెప్పుడు. "పుఎల్లాం" అన్నప్పుడు "బాలికను" అనుడు. తనంతట తాను భాషలను పోల్చి చూచు కన్ను తెరచిన పిల్లకు ఇంటి భాషపై కుతూహలము కలుగుటకు ఇంతకంటె మంచి తరుణము మరల రాదు.

అమ్మమ్మగారికి వినిపింపదగిన సంగతి యొకటి లాటినులోనే యున్నది. ప్లినీ యను రోమను పండితుడు క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము ప్రేలిన సమయమున మరణించెను. అతడు వ్రాసిన ప్రకృతి చరిత్రలో ఆరవ పుస్తకమున హిందూదేశపు జనులను వర్ణించుచు "అందారే" యను జనమును పేర్కొనెను. వారికి లెక్కలేనన్ని గ్రామములును, ప్రాకారములును బురుజులును గల 30 పట్టణములును, 1,00,000 కాల్బలమును, 2,000 గుర్రపుబలమును, 1,000 ఏనుగులును గలవని యందున్నది. ఆ అందారేలు ఆంధ్రులే. రోమను నాణెములు నాగార్జునకొండలోను, నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లెలోను దొరికినవి గదా. వానిపై నున్న యక్షరములు ఈ పిల్ల నేర్వబోవు భాషవే.

ప్లినీ శైలి కొంత కఠినమైనను ఈ వాక్యము పట్టికవలె నుండును. రెండు మూడేండ్లు చదివిన పిల్ల ఉపాధ్యాయుని సాయముతో దీనిని విడదీసికొనగలదు. అప్పుడు దానిని లాటినున చదివి, పిదప తెలుగున అమ్మమ్మగారికి ఫోనులో చెప్పుమనుడు. కాల్బలమును తెలుగున నేమందురు, ప్రాకారమనగా నేమి యని పిల్ల మిమ్ములను అడుగవచ్చును. ఆ సాయంకాలము వేరు పని యేదియు పెట్టుకొనకుడు.